స్టీవ్ హ్యాకెట్ కచేరీకి రాయల్ ఆల్బర్ట్ హాలుకు: టికెట్టు నుంచి తిరుగు రైలు దాకా

బ్రిటిష్ రాక్ బృందం జెనిసిస్‌లో 1971 నుంచి 1977 దాకా గిటారు వాయించిన స్టీవ్ హ్యాకెట్ 1950లో పుట్టారు. ఇప్పటికీ ఏటా పర్యటనలు చేస్తున్నారు. ఆ ఆరేళ్ల సంగీతాన్ని దాని పూర్తి నిడివితో, మెలోట్రాన్ (టేపు మీద రికార్డు చేసిన వాద్యాల స్వరాలను పలికించే పాతకాలపు కీబోర్డు) ధ్వనులూ పన్నెండు తీగల గిటార్లూ సహా వేదిక మీద వినాలంటే ఈ రోజున ఆయన కచేరీకి మించినది లేదు. ఆయన లండన్ కచేరీకి రాయల్ ఆల్బర్ట్ హాలు అచ్చొచ్చిన చోటు. 2013 అక్టోబరులోనూ, 2024 అక్టోబరులోనూ అక్కడ వాయించినవి ప్రత్యక్ష ఆల్బమ్‌లుగా వచ్చాయి. అందుకే ఈ మార్గదర్శిని ఆ హాలునే ఉదాహరణగా పెట్టుకుని రాశాం. మాంచెస్టర్‌లో విన్నా బర్మింగ్‌హామ్‌లో విన్నా సాధన భాగం ఇదే. మారేది సీట్లూ దారీ.

ఇలాంటి కచేరీకి డబ్బు పెట్టి వెళ్లి సగం ఆనందంతో తిరిగి వచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. అందుకు కారణాలు మూడే. పాటల నిర్మాణం తెలియకుండా వెళ్లడం, వేదికకు దగ్గర అనే ఒక్క మాట చూసి సీటు కొనడం, చెవులకు రక్షణ లేకుండా కూర్చోవడం. మిగతా పొరపాట్లన్నీ చిన్నవి, అక్కడికక్కడే సర్దుకోవచ్చు. ఈ మూడింటినీ మాత్రం ఇంటి దగ్గరే సరిచేసుకోవాలి.

మొదటి అడుగు: ఏ కార్యక్రమమో చూసుకోండి

టికెట్టు కొనే ముందు పోస్టరు మీద పర్యటన పేరు చదవండి. హ్యాకెట్ ప్రతి పర్యటనకూ ఒక ఇతివృత్తం పెట్టుకుంటారు. 2021లో జెనిసిస్ 1977 నాటి ‘సెకండ్స్ అవుట్’ ప్రత్యక్ష ఆల్బమ్‌ను మొత్తంగా వాయించారు. 2022లో జెనిసిస్ ఆల్బమ్ ‘ఫాక్స్‌ట్రాట్’కు యాభై ఏళ్లు నిండాయని దాన్ని మొదటి నుంచి చివరి దాకా వాయించారు. 2024లో ‘ద ల్యాంబ్ లైస్ డౌన్ ఆన్ బ్రాడ్‌వే’ నుంచి ఎంపిక చేసిన భాగాలు వినిపించారు. ఒక ఏడాది విన్న కార్యక్రమం మరుసటి ఏడాది ఉండదు. మీకు ప్రాణమైన పాట ఒకటి ఉంటే అది ఈ పర్యటనలో ఉందో లేదో ముందే తేల్చుకోండి.

ముందు జరిగిన ఊళ్లలో వాయించిన పాటల జాబితాలు పర్యటన మొదలైన రెండు రోజుల్లోనే బయటికి వస్తాయి. చూడాలా వద్దా అన్నది మీ ఇష్టం. మా అభిప్రాయంలో మొదటిసారి వెళ్లేవారు చూడాలి, రెండోసారి వెళ్లేవారు చూడకూడదు. మొదటిసారి వెళ్లేవారికి ఆశ్చర్యం కన్నా పరిచయం ఎక్కువ అవసరం.

కార్యక్రమం సాధారణంగా రెండు భాగాలు. మొదటి భాగంలో ఆయన సొంత ఆల్బమ్‌ల నుంచి వాయిస్తారు: 1975 నాటి ‘వాయేజ్ ఆఫ్ ది ఎకొలైట్’, 1979 నాటి ‘స్పెక్ట్రల్ మార్నింగ్స్’, తర్వాతి రచనలు. ఇరవై నిమిషాల విరామం తర్వాత జెనిసిస్ భాగం. వేరే ప్రారంభ బృందం ఉండదు. కాబట్టి ఏడున్నర అని రాసి ఉంటే ఏడున్నరకే ఆయన వేదిక మీద ఉంటారని లెక్క వేసుకోండి. మిగతా రాక్ కచేరీలకు అలవాటుపడి గంట ఆలస్యంగా వచ్చేవారు సరిగ్గా సొంత రచనల భాగాన్నే పోగొట్టుకుంటారు. ‘స్పెక్ట్రల్ మార్నింగ్స్’ లాంటి గిటారు రచన వినకుండా పోవడం పెద్ద నష్టం.

రెండో అడుగు: టికెట్టు

తేదీలు చాలా నెలల ముందే ప్రకటిస్తారు. కళాకారుడి అధికారిక వెబ్‌సైటులో ఈమెయిలు ఇచ్చి ఉంచండి, హాలు వెబ్‌సైటులో కూడా ఖాతా తెరిచి పెట్టుకోండి. ముందస్తు అమ్మకం ఉంటే ఆ కబురు ఈ రెండు దారుల్లోనే వస్తుంది. అమ్మకం మొదలయ్యే ముందు రోజే ఖాతాలోకి వెళ్లి చిరునామా, కార్డు వివరాలు సరిచూసుకోండి. బ్యాంకు పంపే ఓటీపీ వచ్చే ఫోను చేతిలో ఉండాలి. భారతీయ కార్డుతో కొంటే అంతర్జాతీయ లావాదేవీలు తెరిచి ఉన్నాయో లేదో చూసుకోవాలి. బుట్టలో సీటు నిలిచేది కొద్ది నిమిషాలే. ఎక్కువమందికి చేజారేది ఈ ఘట్టంలోనే.

సీటు పక్కన కనిపించే ధర వేరు, రుసుములన్నీ కలిసి చివర్లో వచ్చే మొత్తం వేరు. పోల్చుకోవాల్సింది చివరి మొత్తాన్నే. సీటు మీద ‘రిస్ట్రిక్టెడ్ వ్యూ’ అని ఉంటే ఎందుకో చదవండి. స్తంభం వల్ల అడ్డమైతే వదిలేయండి. పక్క నుంచి చూడాల్సి రావడం వల్లయితే, తక్కువ ధరకు వస్తున్నప్పుడు తీసుకోవచ్చు.

అమ్ముడైపోయిందని కనిపిస్తే తొందరపడి పునర్విక్రయ సైట్లలో రెట్టింపు ధర పెట్టకండి. ఈ హాలు సీట్లలో దాదాపు నాలుగో వంతు ప్రైవేటు యజమానుల సొత్తు. 1871లో తెరిచిన ఈ హాలు కట్టడానికి డబ్బు సమకూర్చినవారికి సీట్లు ఇచ్చిన నాటి నుంచీ ఆ హక్కు చేతులు మారుతూ వస్తోంది. అలాంటి సీట్లు కొన్ని పెద్ద ధరలతో బయట కనిపిస్తాయి. ఈలోగా హాలు సొంత పేజీని కచేరీకి ముందు వారం రోజులూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూస్తూ ఉండండి. నిర్మాతలు తమకోసం పట్టి ఉంచిన సీట్లూ, వేదిక అమరిక తేలాక మిగిలిన సీట్లూ చివరి రోజుల్లో విడుదలవుతాయి. విడి సీటు ఒక్కటే కావాలంటే దొరికే అవకాశం ఎక్కువ. ఇద్దరు వెళ్తున్నా విడివిడిగా కూర్చోవడానికి సిద్ధపడండి. ప్రోగ్ (ప్రోగ్రెసివ్ రాక్, అంటే పొడవైన రచనలూ మారే తాళాలూ ఉండే రాక్) కచేరీలో ఎలాగూ మాట్లాడుకునేది ఉండదు.

మూడో అడుగు: ఎక్కడ కూర్చోవాలి

ఇది తీరికగా ఆలోచించాల్సిన విషయం. రాయల్ ఆల్బర్ట్ హాలు అండాకారంలో ఉంటుంది. పైన గాజు, ఇనుముతో కట్టిన గుమ్మటం నేల నుంచి 41 మీటర్ల ఎత్తున ఉంటుంది. వేదిక మీద పుట్టిన శబ్దం ఆ గుమ్మటాన్ని తాకి కిందికి రావడానికి దాదాపు పావు సెకను పడుతుంది. అంత ఆలస్యంగా వచ్చిన శబ్దాన్ని చెవి విడిగా, ప్రతిధ్వనిగా వింటుంది. 1871 ప్రారంభోత్సవం రోజునే ఈ ప్రతిధ్వని అందరికీ తెలిసిపోయింది. దానికి సరైన మందు దొరకడానికి దాదాపు శతాబ్దం పట్టింది. 1969లో గుమ్మటం కింద పుట్టగొడుగుల ఆకారంలో ఫైబర్‌గ్లాస్ పలకలు వేలాడదీశారు. తల పైకెత్తితే ఇప్పటికీ కనిపిస్తాయి. తర్వాత హాలు చుట్టూ వందలాది స్పీకర్లతో కొత్త ధ్వని వ్యవస్థ కూడా వచ్చింది. మెరుగుపడింది, నిజమే. కానీ కొన్ని మూలల్లో డ్రమ్ముల దెబ్బ ఇంకా రెండుసార్లు వినిపిస్తుంది. ఒక్కో వాద్యం ఒక్కో తాళపు లెక్కలో నడిచే సంగీతానికి అది చిన్న విషయం కాదు.

అరీనా అంటే మధ్యలోని చదునైన నేల. ప్రోగ్ కచేరీలకు అక్కడ కుర్చీలు వేస్తారు. ధ్వని పరంగా అరీనా మధ్య వరుసలు, అంటే సౌండ్ ఇంజినీరు కూర్చునే బల్లకు కొద్ది వరుసల ముందు, హాలు మొత్తంలో నమ్మదగిన చోటు. ఇంజినీరు ఏది విని సరిచేస్తున్నాడో మీరూ దాదాపు అదే వింటారు. ఒక్కటే ఇబ్బంది. నేల వాలుగా లేదు కాబట్టి ముందు పొడగరి కూర్చుంటే కచేరీ అంతా అతని భుజమే కనిపిస్తుంది. అరీనా మొదటి రెండు మూడు వరుసల్లో హ్యాకెట్ ముఖం బాగా కనిపిస్తుంది. అక్కడ మాత్రం పెద్ద స్పీకర్ల శబ్దం మీ తల మీదుగా వెనక్కి పోతుంది. గాత్రం పలచబడి, వేదిక మీది డ్రమ్ముల శబ్దమే నేరుగా తగులుతుంది. దగ్గరని ఎక్కువ డబ్బు పెట్టినవారు తక్కువ వినేది ఈ వరుసల్లోనే.

స్టాల్స్ అరీనా చుట్టూ మెట్లు మెట్లుగా లేచే వరుసలు. వేదికకు ఎదురుగా ఉన్న స్టాల్స్‌లో పై వరుసలు కాక మధ్య వరుసలు దొరికితే ఇంకేం ఆలోచించకండి, కొనండి. కుర్చీలు తిరిగే రకం కాబట్టి పక్క స్టాల్స్‌లో మెడ నొప్పి ఉండదు. అయితే వేదికకు బాగా దగ్గరి పక్క భాగాల్లో ఒక వైపు స్పీకర్లే ఎక్కువ వినిపిస్తాయి, కీబోర్డులో గిటారులో ఏదో ఒకటి మసకబారుతుంది.

చేతులు చూడాలనుకునే గిటారు విద్యార్థులకు ఒక లెక్క. హ్యాకెట్ కుడిచేతి వాటం. ఆయన మనవైపు తిరిగి నిలబడితే గిటారు మెడ మన కుడివైపుకు చాస్తుంది. ఎదురు స్టాల్స్‌లో కాస్త కుడివైపు కూర్చుంటే ఎడమ చేతి వేళ్లూ, ట్యాపింగ్ (తీగలను మెట్ల మీద వేళ్లతో తట్టి వాయించడం) కోసం మెట్ల మీదికి వచ్చే కుడి చేతి వేళ్లూ కూడా కనిపిస్తాయి. ఈ ట్యాపింగ్‌ను ఆయన 1971 నాటి ‘నర్సరీ క్రైమ్’ ఆల్బమ్ నుంచే వాడుతున్నారు. దీన్ని ప్రపంచం మొత్తానికీ అలవాటు చేసిన ఎడ్డీ వాన్ హేలెన్ మొదటి ఆల్బమ్ 1978లో వచ్చింది. కాలి దగ్గరి పెడల్స్ కూడా చూడాలంటే అరీనా పనికిరాదు, పైనుంచి చూడాలి.

బాక్సుల్లో ముందు కుర్చీలు చక్కనివి. వెనక కుర్చీల్లో కూర్చుంటే పై అంతస్తు కప్పు మూసేసి సన్నని ధ్వనులు తగ్గిపోతాయి. సర్కిల్ అనే పై అంతస్తు బాగా ఎత్తు, వరుసలు నిటారుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని, ఎత్తు చూస్తే కళ్లు తిరిగేవారిని అక్కడికి తీసుకెళ్లకండి. కానీ సర్కిల్ ముందు వరుస, వేదికకు ఎదురుగా, తక్కువ ధరకు మంచి సీటు. లైట్ల కూర్పు మొత్తం అక్కడి నుంచే కనిపిస్తుంది. వేదిక వెనక ఆర్గన్ పక్కన ఉండే కోయిర్ సీట్లు అమ్మితే, డ్రమ్మరు చేతులు చూడాలనుకునేవారికి తప్ప ఇంకెవరికీ వద్దు.

నాలుగో అడుగు: మూడు వారాల వినికిడి

స్టూడియో రికార్డులు మాత్రమే విని వెళ్లడం పొరపాటు. పాటలు ఇప్పుడు అలా ఉండవు. పీటర్ గేబ్రియల్, ఫిల్ కాలిన్స్ పాడిన వాటిని ఇప్పుడు ఎక్కువగా నాడ్ సిల్వన్ పాడుతున్నారు. పాత రికార్డులో ఫ్లూట్ వినిపించే చోట రాబ్ టౌన్‌సెండ్ సోప్రానో శాక్సోఫోన్ వినిపించవచ్చు. చెవి పాత గొంతు కోసం వెతుకుతూ కూర్చుంటే ముందున్న గొంతు వినపడదు. కాబట్టి ఈ వరుసలో వినండి.

మొదటి వారం రోజుకొక ఆల్బమ్, జెనిసిస్ స్టూడియో రికార్డులు. ‘ఫాక్స్‌ట్రాట్’ 1972, ‘సెల్లింగ్ ఇంగ్లండ్ బై ద పౌండ్’ 1973, ‘ఎ ట్రిక్ ఆఫ్ ద టెయిల్’ 1976, ‘విండ్ అండ్ వదరింగ్’ కూడా 1976, ఆపైన ఆయన సొంతవి రెండు. ఈ వారం ఏమీ విశ్లేషించకండి. ఇంట్లో పని చేసుకుంటూ విన్నా సరే, కానీ ఆల్బమ్ మధ్యలో ఆపకండి.

రెండో వారం మూడు రచనలు చాలు. పటం గీసినట్టు ఒక్కోదాని నిర్మాణం నేర్చుకోండి.

‘ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్’ తొమ్మిదిన్నర నిమిషాలు. ముందు పియానో, దాని లెక్క స్థిరంగా ఉండదు, 13, 15, 2 అంటూ మారుతూ పోతుంది. అక్కడ తాళం వేయాలని ప్రయత్నించకండి. తర్వాత గాత్రం. ఆ తర్వాత ఫ్లూట్ ఒక నెమ్మది రాగాన్ని వినిపిస్తుంది. ఈ చోటు గట్టిగా గుర్తుపెట్టుకోండి, నోటితో పాడగలిగేదాకా వినండి. ఎందుకంటే మొదటి పియానో భాగం మొత్తం బృందంతో తిరిగి వచ్చి ముగిశాక, గిటారు అదే ఫ్లూట్ రాగాన్ని ఇంకా నెమ్మదిగా, ఒక్కో స్వరాన్నీ సాగదీస్తూ దాదాపు మూడు నిమిషాలు వాయిస్తుంది. హ్యాకెట్ జీవితంలో అత్యంత ప్రసిద్ధమైన సోలో ఇది. ఫ్లూట్ రాగం గుర్తుంటే ఇది తిరిగి వచ్చిన పాత చుట్టంలా వినిపిస్తుంది. గుర్తులేకపోతే ఉత్త గిటారు సోలో.

‘సప్పర్స్ రెడీ’ ఇరవై మూడు నిమిషాలు, ఏడు భాగాలు. ఏడింటినీ ఒక కాగితం మీద నిమిషాలతో సహా రాసుకోండి. అసలు కష్టం ఆరో భాగంలో ఉంది. అక్కడ బేస్, డ్రమ్స్, గిటారు తొమ్మిది లెక్కలో నడుస్తాయి, 3, 2, 4గా విరిగి. దాని మీద కీబోర్డు సోలో మాత్రం నాలుగు లెక్కలో తన దారిన తాను పోతుంది. కర్ణాటక సంగీతం కొద్దిగా నేర్చుకున్న తెలుగు శ్రోతకు ఇక్కడ పెద్ద వెసులుబాటు ఉంది. మన సంకీర్ణం, అంటే తొమ్మిది లెక్క, మామూలుగా ‘తకధిమి తకతకిట’, నాలుగూ అయిదూ. దాన్ని పక్కనపెట్టి ‘తకిట తక తకధిమి’ అని అనుకోండి. నోటితో అనుకుంటూ బేస్‌ను పట్టుకుంటే, కీబోర్డు ఎంత దూరం జారిపోయినా మీరు తప్పిపోరు. రోజుకు పది నిమిషాల చొప్పున నాలుగు రోజులు పడుతుంది. చివర్లో మొదటి రెండు భాగాల రాగాలు మహా గంభీరంగా తిరిగి వస్తాయి. కచేరీలో జనం లేచి నిలబడేది సాధారణంగా అప్పుడే.

‘ద సినిమా షో’ పదకొండు నిమిషాలు. రెండో సగం మొత్తం ఏడు లెక్కలో నడిచే కీబోర్డు సోలో. మిశ్రచాపు అలవాటున్న చేతికి ఏడు కొత్త కాదు. కానీ ‘తకిట తకధిమి’ అని మొదలుపెట్టి విరుపు కుదరకపోతే కంగారుపడకండి, ఏడూ సమానంగా లెక్కపెట్టి ఒకటి ఎక్కడ పడుతుందో చూడండి. ఒకటి దొరికితే చాలు, మిగతాది చేతికి అదే వస్తుంది.

మూడో వారం ప్రత్యక్ష రికార్డులే వినండి. 2013 ఆల్బర్ట్ హాలు రికార్డింగు, ఆపైన ఇటీవలి ఏదో ఒకటి. ఇప్పటి బృందం వేగం, ఇప్పటి గొంతు, ఇప్పటి గిటారు ధ్వని ఇవే. బంగారు రంగు లెస్ పాల్ గిటారు స్వరం ఎంత సేపైనా ఎలా నిలబడుతోందో గమనించండి. తీగ కంపనం ఆగిపోకుండా విద్యుదయస్కాంతంతో దాన్ని నడిపించే ప్రత్యేక పికప్‌లున్న గిటార్లను కూడా ఆయన వాడతారు. మధ్యలో నైలాన్ తీగల గిటారుతో ఒంటరిగా ఒక చిన్న రచన వస్తుంది, చాలాసార్లు ‘హొరైజన్స్’. నిడివి నిమిషంన్నరకు కాస్త ఎక్కువ. బాఖ్ మొదటి సెల్లో సూట్ పూర్వరంగం నుంచి ప్రేరణ పొందింది. అయిదు వేలమంది ఉన్న హాలులో ఒక్క నైలాన్ గిటారు వినిపించే ఆ నిమిషంన్నర కోసం రావచ్చు అనిపిస్తుంది.

అయిదో అడుగు: చెవులు

రాక్ కచేరీల్లో శబ్దం 95 నుంచి 100 డెసిబెల్స్ దాకా ఉండడం మామూలే. చెవి భద్రతకు వాడే లెక్క ఇది: 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు ఉండవచ్చు, ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకూ ఆ సమయం సగమవుతుంది. అంటే 100 దగ్గర పదిహేను నిమిషాలు. కచేరీ రెండున్నర గంటలు. లెక్క మీరే చూసుకోండి.

మందుల షాపులో దొరికే స్పాంజి బిళ్లలు అత్యవసరానికి పనికొస్తాయి, కానీ అవి సన్నని ధ్వనులను ఎక్కువగా, మందమైన వాటిని తక్కువగా మింగేస్తాయి. పన్నెండు తీగల గిటారు మెరుపు పోయి గోడ అవతలి నుంచి విన్నట్టుంటుంది. సంగీతకారుల కోసం చేసిన ఫిల్టర్ ఇయర్‌ప్లగ్‌లు కొనండి. 15 నుంచి 20 డెసిబెల్స్ దాకా అన్ని స్థాయులనూ దాదాపు సమానంగా తగ్గించేవి సరిపోతాయి. పెట్టుకునే పద్ధతి: ఎదుటి చేతిని తల మీదుగా తెచ్చి చెవి డొప్పను పైకీ వెనక్కీ లాగి, ఇంకో చేత్తో ప్లగ్‌ను మెల్లగా తిప్పుతూ దూర్చాలి. సరిగ్గా కూర్చుంటే మీ గొంతు మీకే తలలో గంభీరంగా వినిపిస్తుంది. వినిపించకపోతే ఖాళీ మిగిలింది, తీసి మళ్లీ పెట్టండి. ఇంట్లో రెండు మూడు రోజులు పెట్టుకుని పాటలు విని అలవాటు చేసుకోండి. కచేరీలో మొదటి పాటకు ముందే పెట్టుకోవాలి, గింగురుమన్నాక పెట్టుకుంటే ఆలస్యమైనట్టే. నైలాన్ గిటారు భాగానికి తీసేయవచ్చు, అది నెమ్మదిగానే ఉంటుంది.

ఆరో అడుగు: ఆ సాయంత్రం

హాలు కెన్సింగ్టన్ గోర్ అనే రోడ్డు మీద, కెన్సింగ్టన్ గార్డెన్స్ పార్కుకు ఎదురుగా ఉంది. దగ్గరి మెట్రో స్టేషను సౌత్ కెన్సింగ్టన్. పికడిల్లీ, డిస్ట్రిక్ట్, సర్కిల్ లైన్లు అక్కడ ఆగుతాయి. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే హౌన్‌స్లో నుంచి పికడిల్లీ లైను, ఈస్ట్ హామ్ నుంచి డిస్ట్రిక్ట్ లైను నేరుగా తెచ్చి దించుతాయి, ఎక్కడా మారనక్కరలేదు. స్టేషను నుంచి ఎగ్జిబిషన్ రోడ్డు వెంట మ్యూజియంల మధ్యగా పది పదిహేను నిమిషాల నడక. 9, 52, 452 నంబరు బస్సులు హాలు ముందే ఆగుతాయి. పార్కింగు మీద ఆశ పెట్టుకోవద్దు.

టికెట్టు ఫోనులో ఉంటే ఇంటి దగ్గరే తెరిచి చూసుకోండి. కొన్ని టికెట్ల బార్‌కోడు కదులుతూ ఉంటుంది, దానికి స్క్రీన్‌షాట్ పనికిరాదు. గుంపు ఎక్కువైతే గుమ్మం దగ్గర నెట్ మందగిస్తుంది. ఛార్జింగు సగమైనా లేకుండా రావద్దు. నలుగురి టికెట్లు ఒకరి ఫోనులో ఉంటే నలుగురూ కలిసే లోపలికి వెళ్లాలి. ఒకరు ఆలస్యంగా వచ్చేట్టయితే వారి టికెట్టు ముందే బదిలీ చేయండి.

టికెట్టు మీద డోర్ నంబరు ఉంటుంది. హాలు అండాకారం, చుట్టూ పన్నెండు ద్వారాలు. తప్పు ద్వారం దగ్గరికి వెళ్తే సగం చుట్టు తిరగాలి. ఏడింపావుకు ఆ తిరుగుడు పెట్టుకుంటే మొదటి పాట పోతుంది. ఆరూముప్పావుకల్లా బయట ఉండేలా బయలుదేరండి. సంచి ఎంత పెద్దదైతే అనుమతిస్తారో, తినేవి తాగేవి ఏమైనా తేవచ్చో ముందు రోజు హాలు పేజీలో చూసుకోండి. నియమాలు మారుతుంటాయి. తేలికగా ఉండాలంటే భోజనం ముందే చేసేయండి. సౌత్ కెన్సింగ్టన్ స్టేషను చుట్టూ తినడానికి చాలా చోట్లున్నాయి. అక్టోబరులో బయట చలి ఉన్నా లోపల వెచ్చగా ఉంటుంది. బరువైన కోటు వేసుకొస్తే క్లోక్‌రూములో ఇవ్వాలి, తిరిగి తీసుకునేటప్పుడు వరసలో నిలబడాలి. రెండు పలచని పొరలు వేసుకోవడం మేలు.

టీషర్టు, రికార్డు కొనాలంటే లోపలికి వెళ్లగానే కొనేయండి. మామూలు సైజులు విరామానికే అయిపోతాయి. ఎల్పీ రికార్డు పన్నెండు అంగుళాలు, కుర్చీ కింద ఇమడదు, ఒడిలో వంగిపోతుంది. అది మాత్రం చివర్లో తీసుకోండి లేదా గట్టి అట్ట సంచి తెచ్చుకోండి.

ఏడో అడుగు: లోపల

ప్రోగ్ శ్రోతలు కూర్చుని వింటారు. నెమ్మది భాగాల్లో హాలంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని చప్పట్లతో చెడగొట్టకూడదు. పొడవైన రచనల్లో ధ్వని పూర్తిగా ఆగిపోయినట్టు అనిపించే చోట్లుంటాయి, అది ముగింపు కాదు. మీరు పటం గీసుకుని వచ్చారు కాబట్టి మీకు తెలుస్తుంది. తెలియకపోతే హ్యాకెట్ చేతుల వైపు చూడండి. చేయి తీగల మీది నుంచి లేచేదాకా ఆగండి. గొప్ప సోలో ముగిశాక మధ్యలోనే చప్పట్లు కొట్టడం మాత్రం ఆనవాయితీయే, మన కచేరీల్లో తని ఆవర్తనం (మృదంగం వంటి తాళవాద్యాల సోలో) తర్వాత కొట్టినట్టు.

తాళం వేయాలనిపిస్తే మోకాలి మీద వేలితో వేయండి, తొడ మీద చరచకండి. పక్కవారు ఇంకో లెక్కలో వింటూ ఉండవచ్చు. ఫోను జేబులో ఉంచండి. గుర్తుకోసం ఒక ఫోటో కావాలంటే మొదటి పాటలో, ఫోను తెర వెలుతురు తగ్గించి, ఫ్లాష్ లేకుండా తీసుకుని మూసేయండి. మీరు వీడియో తీస్తే వెనక వరుసలవారికి ఇరవై మూడు నిమిషాలు మీ తెరే కనిపిస్తుంది. అధికారిక రికార్డింగులు ఎలాగూ వస్తాయి.

పాటల మధ్య హ్యాకెట్ మాట్లాడతారు, పాత రోజుల ముచ్చట్లు చెబుతారు. ఈ అలవాటుకు జెనిసిస్‌లో ఒక మూలం ఉంది. 1970లలో పన్నెండు తీగల గిటార్లు శ్రుతి చేసుకోవడానికి చాలా సమయం పట్టేది. ఆ ఖాళీని పూడ్చడానికే గేబ్రియల్ వింత కథలు చెప్పడం మొదలుపెట్టారు.

విరామం ఇరవై నిమిషాలే. వరసలు పొడవు. మొదటి భాగం చివరి చప్పట్లు మొదలవగానే లేవకండి, అది మర్యాద కాదు. లేచాక మాత్రం ఆగకుండా ముందు మరుగుదొడ్డికి, తర్వాత నీళ్లకు వెళ్లండి. వరుస మధ్యలో సీటు ఉంటే మూడు నిమిషాల ముందే తిరిగి వచ్చేయండి. రెండో భాగం పియానో మీద మొదలైతే మీరు పక్కవారి కాళ్ల మీదుగా దాటుకుంటూ ఉండడం వారికీ మీకూ బాధే.

డెబ్బై అయిదు దాటిన సంగీతకారుడి చేతుల నుంచి 1973 నాటి వేగాన్ని కోరకండి. కొన్ని వేగపు చోట్ల ఆయన స్వరాలు తగ్గించి ఒక్కదాన్నే సాగదీస్తారు. శ్రద్ధగా వింటే ఆ సాగదీతలోనే యాభై ఏళ్ల పరిణతి ఉంది. ప్రత్యక్ష రికార్డులు విని వచ్చినవారికి ఇది లోటుగా అనిపించదు.

ఇండియా నుంచి వచ్చేవారికి

హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో పిల్లల దగ్గరికి లండన్ వస్తూ కచేరీ కలుపుకునేవారు క్రమం తప్పకూడదు. కచేరీ టికెట్టు ఏడాది ముందు కొనవచ్చు. స్టాండర్డ్ విజిటర్ వీసాకు మాత్రం ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయగలరు. నిర్ణయానికి మామూలుగా మూడు వారాలు. వీసా రాకపోతే హాలు డబ్బు తిరిగిస్తుందని అనుకోవద్దు. పేరు మార్చి బదిలీ చేయగల టికెట్టు, లండన్‌లో ఉన్న పిల్లల ఖాతాలో కొంటే సురక్షితం. విమానం దిగిన రోజునే కచేరీ పెట్టుకోకండి. అక్కడి రాత్రి పది గంటలంటే మన తెల్లవారుజామున రెండున్నర, లేదా చలికాలంలో మూడున్నర. అసలైన సోలో సమయానికి కునుకు పడుతుంది. కనీసం మూడు రోజుల ముందు చేరండి.

చివరి అడుగు: బయటికి

కచేరీ సాధారణంగా పదింపావు, పదిన్నర మధ్య ముగుస్తుంది. అందరూ ఒకేసారి సౌత్ కెన్సింగ్టన్ వైపు నడుస్తారు. తొందర లేకపోతే పది నిమిషాలు హాలు ఎదురుగా ఆల్బర్ట్ మెమోరియల్ దగ్గర నిలబడి బయలుదేరండి, ప్లాట్‌ఫారం ఖాళీ అవుతుంది. లండన్ దాటి వెళ్లాల్సినవారు ఆఖరి రైలు సమయం ముందే రాసిపెట్టుకోవాలి. ఆఖరి రైలు కాక, దాని ముందు రైలు లక్ష్యంగా పెట్టుకోండి. శుక్ర, శనివారాల్లో పికడిల్లీ లైను రాత్రంతా నడుస్తుంది. స్టేషనులోకి వెళ్లేటప్పుడు తాకించిన కార్డునే బయటికి వచ్చేటప్పుడూ తాకించండి. వెళ్లేటప్పుడు ఫోను, వచ్చేటప్పుడు కార్డు వాడితే రెండు అసంపూర్ణ ప్రయాణాలుగా లెక్కించి రెండింటికీ ఎక్కువ వసూలవుతుంది.

ఇంటికి చేరాక పాటల జాబితా చూసే ముందు మీకు గుర్తున్నంత వరకు వరుసగా రాసుకోండి. ఏ చోట లెక్క తప్పారో, ఏ చోట దొరికిందో పక్కన రాయండి. మరుసటి ఏడాది కచేరీకి సాధన అక్కడి నుంచి మొదలవుతుంది. ఆ రాత్రి హెడ్‌ఫోన్లు పెట్టుకోకండి, చెవులకు కనీసం ఒక రోజు విశ్రాంతి కావాలి. గింగురుమనే శబ్దం రెండు రోజులైనా తగ్గకపోతే, లేదా ఒక చెవికి వినికిడి తగ్గినట్టు అనిపిస్తే ఆలస్యం చేయకుండా చెవి వైద్యుడికి చూపించుకోండి.